సెస్నా కాక్‌పిట్‌లో కూర్చోవడానికి ఏ వీఆర్ హెడ్‌సెట్ తెప్పించుకోవాలి?

ప్రశ్న: కాకినాడ సెస్నా

అందరికీ నమస్కారం. నా వయసు 47, బ్యాంకు ఉద్యోగం. రాత్రి భోజనమయ్యాక గంటసేపు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 అనే కంప్యూటర్ ఆటలో సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతాను. ఎక్కువగా రాజమండ్రి మధురపూడిలో లేచి, తీరం వెంట వెళ్లి విశాఖలో దిగుతాను.

నా ఇబ్బంది ఇది. రన్‌వేకు సమాంతరంగా వచ్చి ఎడమకు తిరగాల్సిన చోట, 27 అంగుళాల తెర మీద రన్‌వే కనబడదు. జాయ్‌స్టిక్ మీద బొత్తం నొక్కి పక్కకు చూసి మళ్లీ ముందుకు చూసేలోగా విమానం ఎటో వాలిపోతుంది. రెండేళ్లుగా ఆ మలుపు అంచనా మీదే తిప్పుతున్నాను. అందుకే, తల తిప్పిన వైపే కాక్‌పిట్ కనిపించేలా కళ్లకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్ కొందామనుకుంటున్నాను.

కంప్యూటర్‌లో రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్ ఉన్నాయి. కళ్లద్దాలు మైనస్ 3.5, కింద చదువుకోవడానికి పవర్ కలిపిన ప్రోగ్రెసివ్ అద్దాలు. సంక్రాంతికి బావమరిది డాలస్ నుంచి వస్తున్నాడు, తెమ్మని చెప్పాలి. క్వెస్ట్ 3, క్వెస్ట్ 3ఎస్, పైమాక్స్ క్రిస్టల్ లైట్, ఈ మూడింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. ఇక్కడ ఒకాయన వాడిన రెవెర్బ్ జీ2 హెడ్‌సెట్ సగం ధరకే ఇస్తానంటున్నారు. డబ్బు ఒక్కసారే పెట్టగలను. జీ1000 (వేగం, ఎత్తు చూపే కాక్‌పిట్ తెర) మీద అంకెలు ముందుకు వంగకుండా చదవగలగాలి, కళ్లు తిరగకూడదు.

జవాబు: ఉక్కునగరం పైలట్

క్వెస్ట్ 3 తెప్పించుకోండి. నేను నాలుగేళ్లుగా హెడ్‌సెట్‌లోనే ఎగురుతున్నాను, ఇప్పటికి మూడు మార్చాను. మీది నా దగ్గరున్న కార్డే కాబట్టి లెక్కతో సహా చెబుతాను.

క్రిస్టల్ లైట్‌లో ఒక్కో కంటికి 2880 × 2880 చుక్కలు. గుణించి చూడండి, సరిగ్గా ఒక 4కే మానిటర్‌లో ఉన్నన్ని చుక్కలే వస్తాయి. అంటే రెండు 4కే తెరలను మీ 4070 ఏకకాలంలో నింపాలి. అంతటితో పోదు. లెన్సు వంపును సరిచేయడానికి సిమ్యులేటర్ అంతకంటే పెద్ద బొమ్మే గీయాలి. క్వెస్ట్ 3లో కంటికి 2064 × 2208, రెండు కళ్లకూ కలిపి 91 లక్షల చుక్కలు. క్రిస్టల్ లైట్‌లో కోటీ 66 లక్షలు. ఒక మిత్రుడి ఇంట్లో ఆ పైమాక్స్ పెట్టుకుని చూశాను. మీటర్ల మీద గీతలు కూడా అచ్చుగుద్దినట్టు కనిపించాయి. ఆయనది ఇంకా శక్తిమంతమైన 4090 కార్డు. అదే హెడ్‌సెట్‌ను మా ఇంటికి తెచ్చి నా కంప్యూటర్‌కు తగిలిస్తే, రిజల్యూషన్ సగానికి దించితే తప్ప విమానం కదల్లేదు. సగానికి దించి చూడటానికి అంత డబ్బు ఎందుకు?

రెవెర్బ్ జీ2 బొమ్మ ఇప్పటికీ చక్కగా ఉంటుంది. కానీ అది నడిచేది విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. ఒక్కసారే డబ్బు పెట్టగలనన్నారు కాబట్టి అటు వెళ్లవద్దు.

3ఎస్ చవక, కానీ మీ పనికి రాదు. అందులోవి పాతకాలపు వలయాల లెన్సులు. నడిమధ్య మాత్రమే స్పష్టం, కన్ను పక్కకు తిప్పితే అంకెలు మసకబారతాయి. క్వెస్ట్ 3లోని పాన్‌కేక్ లెన్సుల్లో దాదాపు అంచుదాకా చదవవచ్చు. తల నిటారుగా ఉంచి, కళ్లు మాత్రమే కిందికి దించి వేగం, ఎత్తు చూసుకుంటాను. విమానం నడిపేవాడికి ఇంతకంటే ఏం కావాలి! ఇంకో తేడా కనుపాపల మధ్య దూరం. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి కొద్దికొద్దిగా సర్దుకోవచ్చు. 3ఎస్‌లో మూడే స్థానాలు: 58, 63, 68 మిల్లీమీటర్లు. కళ్లద్దాల దుకాణంలో మీ దూరం కొలిపించుకోండి.

కళ్లద్దాలతో హెడ్‌సెట్ పెట్టుకోవద్దు, రెండు అద్దాలూ రాసుకుని గీతలు పడతాయి. దూరపు చూపు పవర్‌తో లోపల బిగించుకునే లెన్సులు చేయించండి. ప్రోగ్రెసివ్ అవసరం లేదు. కాక్‌పిట్‌లో డయల్ చేతికందేంత దగ్గరలో ఉన్నట్టు కనబడినా, కన్ను మాత్రం మీటరుకు పైగా దూరంలో ఉన్న బొమ్మనే చూస్తున్నట్టు లెన్సులు అమరుస్తాయి. నాకు 51 ఏళ్లు, ఇంట్లో పేపరు చదవడానికి అద్దాలు కావాలి, హెడ్‌సెట్‌లో అక్కరలేదు.

ఇప్పుడు సెట్టింగుల సంగతి. క్వెస్ట్ 3ని 72 హెర్ట్జ్‌లో పెట్టండి. మీ కార్డు విశాఖ నగరం మీద 72 ఫ్రేములు ఇవ్వలేదు. 36 గీయించి, మధ్య ఫ్రేములను హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ కల్పించేలా పెట్టుకుంటే నిలకడగా సాగుతుంది. దానికి చెల్లించే మూల్యం ఒకటి ఉంది. తక్కువ ఎత్తులో పక్క కిటికీలోంచి చూస్తే, రెక్కకు ఊతంగా ఉండే కమ్మీ అంచు వెంట నేల నీళ్లలో నీడలా అలలాడుతుంది. వారం రోజుల్లో అలవాటవుతుంది. డీఎల్ఎస్ఎస్ (తక్కువ చుక్కలతో గీసి పెద్దది చేసే పద్ధతి) పెడితే వేగం పెరుగుతుంది, కానీ విమానం ఎక్కుతున్నప్పుడు జీ1000లో దొర్లే ఎత్తు అంకెల వెనక తోకలు పడతాయి. నేను టీఏఏలో (అంచులను నునుపు చేసే మామూలు పద్ధతి) ఉంచి, మేఘాలు, చెట్లు తగ్గించాను. 12 జీబీ మెమరీ నిండితే ఉన్నట్టుండి ఆగిపోతుంది కాబట్టి టెక్స్చర్లు (నేల, గోడల ఉపరితలాల మీది చిత్రాలు) మధ్యస్థంలో ఉండాలి.

కళ్లు తిరిగేది ఎక్కువగా ఆ ఆగిపోవడం వల్లే. మొదటి వారం పావుగంటకు మించవద్దు. నుదుట చెమట పట్టగానే తీసేయండి, ఓర్చుకుందామని కూర్చుంటే ఆ రాత్రంతా తల దిమ్మెక్కుతుంది. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. మన సముద్రతీరపు ఉక్కకు ముఖం దగ్గరి స్పాంజి తడిసిపోతుంది, దాని మీదికి తుడుచుకునే తొడుగు తీసుకోండి. పగలు హెడ్‌సెట్‌ను కిటికీ పక్కన వదలవద్దు. లెన్సు మీద ఎండ పడితే భూతద్దంలా లోపలి తెరను కాల్చేస్తుంది. నా మొదటి హెడ్‌సెట్ ఎడమ కంటిలో పసుపు మచ్చ అలాగే పడింది.

చేతులు కనిపించవు కదా, అందుకని ఫ్లాప్స్ బొత్తం మీద చొక్కా గుండీ ఒకటి అతికించాను. వేలు దానంతటదే వెతుక్కుంటుంది.

మీ మలుపు గురించి. సెస్నాకు రెక్క పైన ఉంటుంది. ఎడమకు వంచగానే ఆ రెక్క దిగి రన్‌వేను కప్పేస్తుంది. హెడ్‌సెట్‌లో ఉంటే నడుము ముందుకు వంచి, రెక్క ముందు నుంచి తొంగి చూడవచ్చు. మొదటిసారి అలా వంగి రన్‌వే కొసను పట్టుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత విశాఖలో 28వ నంబరు రన్‌వేకి సముద్రం మీంచి దిగి చూడండి. ఎడమ పక్క డాల్ఫిన్స్ నోస్ మీ భుజం దగ్గరికి వచ్చినట్టుంటుంది. తెర మీద అది పచ్చటి మచ్చ, ఇక్కడ కొండ.

జవాబు: రాత్రి విమానం

పై సలహాతో ఏకీభవిస్తాను, ఒక్క సవరణతో. రెవెర్బ్ జీ2కి దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఒయాసిస్ అనే ఉచిత డ్రైవర్‌తో అది స్టీమ్‌వీఆర్ అనే వేరే వీఆర్ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తోంది. ఎన్‌విడియా కార్డులకే పరిమితం, మీది అదే. అయినా విడిభాగాలు దొరకని పాత సరుకు. నేనైనా కొనను.

నాది సోనీ ప్లేస్టేషన్ హెడ్‌సెట్ పీఎస్ వీఆర్2. 2024లో వచ్చిన అడాప్టర్‌తో కంప్యూటర్‌కు కలిపాను. ఓలెడ్ తెర కాబట్టి చీకటి నిజంగా నల్లగా ఉంటుంది. క్వెస్ట్ 3లో రాత్రి ఆకాశం బూడిదరంగుకు తిరుగుతుంది. అయితే దీని లెన్సుల్లో స్పష్టంగా కనిపించే మేర చాలా చిన్నది, కాస్త జారినా అంకెలు పోతాయి. మీకు జీ1000 ముఖ్యం అన్నారు కాబట్టి క్వెస్ట్ 3 వైపే నా ఓటు.

ప్రశ్న అడిగినవారు: కాకినాడ సెస్నా

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ సాయంత్రం కనుపాపల దూరం కొలిపించుకున్నాను, 65.5 మిల్లీమీటర్లు వచ్చింది. 3ఎస్‌లో 63కీ 68కీ సరిగ్గా నడుమ. ఇక దాని ఊసు లేదు. బావమరిదికి ఫోను చేసి క్వెస్ట్ 3 అని చెప్పేశాను. ఒక్క సందేహం. ఎడమ కంటికి సిలిండర్ (అస్టిగ్మాటిజం పవర్) 0.75 ఉంది. లోపలి లెన్సులకు అది కూడా ఇవ్వాలా, మైనస్ ఒక్కటి ఇస్తే చాలా?

జవాబు: ఉక్కునగరం పైలట్

తప్పకుండా ఇవ్వండి, దాని కోణం చెప్పే యాక్సిస్ అంకెతో సహా. అది వదిలేస్తే ఎడమ కంటిలో 3, 8 ఒకేలా కనిపిస్తాయి.