ఐడీ కార్డులో ట్రాన్స్‌పరెంట్ విండో పెట్టమంటున్నాడు పార్టీ, ఫ్యూజింగ్‌లో చుట్టూ గీత పడిపోతోంది, ఏం చెయ్యాలి?

బెజవాడ_కార్డ్స్

అందరికీ నమస్తే. మాది బెజవాడలో చిన్న షాపు, స్కూలు ఐడీలు, కంపెనీ ఐడీలు, ట్యాగులు, ఇవే మా పని. డ్రాగన్ షీట్ (ఇంక్‌జెట్ ఇంకు పట్టే పీవీసీ షీటు) మీద ఇంక్‌జెట్‌లో ప్రింట్ తీసి, పొరలన్నీ వేడి, ప్రెజర్‌తో అతికించే ఫ్యూజింగ్ మెషిన్‌లో పెట్టి డై కట్టర్‌తో కొట్టి ఇచ్చేస్తాం, అందరూ చేసేదే. మొన్న ఆటోనగర్ నుంచి ఒక పార్టీ వచ్చాడు, వాళ్ళబ్బాయి అమెరికాలో ఉంటాడంట, ఈయనకి కూడా గ్రీన్ కార్డు వచ్చింది, ఆ కార్డు తీసి వెనక వైపు ట్యూబ్‌లైటుకి పట్టి "ఇదిగో ఈ ఫోటో దగ్గర వెలుతురు వస్తోంది చూడు, మా వర్కర్లకి కూడా ఇట్టాంటిదే చేసిపెట్టు" అని కూర్చున్నాడు. ఎందుకు సార్ అంటే, మానేసిపోయిన వర్కరు కార్డు ఒకటి ఎవడో సంపాదించి దాని మీద తన ఫోటో అంటించుకుని, పైన మళ్ళీ పౌచ్ లామినేషన్ కొట్టించుకుని దర్జాగా గోడౌన్‌లోకి వచ్చి వెళ్ళాడంట.

సరే చూద్దాం అని ప్రింట్ షీట్లకి, మధ్యలో ఉండే మందపాటి తెల్ల షీటు, అదే కోర్‌కి, అన్నిటికీ కలిపి పంచ్‌తో గుండ్రంగా కన్నం కొట్టి, అదే పంచ్‌తో క్లియర్ పీవీసీ షీట్లోంచి బిళ్ళ తీసి అందులో కూర్చోబెట్టి, పైనా కిందా ఓవర్‌లే (పలచటి క్లియర్ ఫిల్మ్) వేసి ఫ్యూజ్ చేశా. వచ్చిందనుకోండి, కానీ బిళ్ళ చుట్టూ సన్నటి గీత, వేలు పెడితే గుంట తెలుస్తోంది, అద్దంలా ఉండాల్సింది పాలు ఒలికినట్టు మసగ్గా ఉంది, కార్డు కాస్త వంచితే సరిగ్గా అక్కడే చిట్‌మంటోంది.

ఇది మన మెషిన్లతో అయ్యే పనేనా? గవర్నమెంటు కార్డుల్లో ఎలా పెడతారసలు? దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా లేక షోకేనా? 400 కార్డుల ఆర్డరు, వదులుకోబుద్ధి కావట్లేదు.

లామినేషన్_మావ

తమ్ముడూ నేను కార్డుల ఫ్యాక్టరీలో లామినేషన్ సెక్షన్‌లో చేసినోణ్ణి, నీ మూడు జబ్బులకీ మూడు వేరే వేరే కారణాలు.

మసక సంగతి సులువు. నీ ప్లేట్లు మ్యాట్ ప్లేట్లు అయ్యుంటాయి చూసుకో. పీవీసీ వేడికి మెత్తబడ్డాక స్టీలు ప్లేటు మీద ఏముంటే అది అచ్చు పడిపోద్ది, తెల్లకార్డు మీద అది కనపడదు, పైగా మ్యాట్ ఫినిష్ బాగుందని మెచ్చుకుంటారు, క్లియర్ దగ్గర మాత్రం అదే మసక. రెండు వైపులా మిర్రర్ ప్లేట్లు వాడాలి, వాటి మీద గీత గానీ దుమ్ము గానీ ఉండకూడదు, విండోలో ఒక్క నలుసు పడినా కార్డు మొత్తం మీద ముందు కనపడేది అదే. ఇంకోటి, హీటింగ్ అయిపోగానే ప్రెజర్ తీసేస్తున్నావేమో, చల్లారేదాకా ప్రెజర్ మీదే ఉంచు, లేకపోతే కార్డు వంకర పోద్ది.

గుంట అంటే మందం తేడా. సప్లయర్ చెప్పిన మందం నమ్మకు, నువ్వే మైక్రోమీటర్ పెట్టి కొలువు. కార్డు మొత్తం కలిపి 0.76 మిల్లీమీటర్లు, అందులో నీ బిళ్ళ ఎంత తక్కువుంటే ఓవర్‌లే అంత లోపలికి దిగుద్ది, ఎక్కువుంటే ఉబ్బుద్ది. దానికి తోడు పంచ్ మొద్దుబారితే అంచు నలిగినట్టు తెగి ఆ సందులో గాలి ఇరుక్కుంటది, నీ గీత అదే. వేడి పెంచితే పోద్దిలే అనుకోవద్దు, పెంచావంటే తెల్ల కోర్ కరిగి విండోలోకి పాకి గుండ్రం కాస్తా వంకాయ అయిపోద్ది.

చిట్‌మనడం ఎందుకంటే బిళ్ళ పక్క గోడలు కోర్‌తో సరిగ్గా అతుక్కోలేదు, ఓవర్‌లేలే దాన్ని పట్టుకుని ఉన్నాయి. అందుకే అసలు ఆ పద్ధతే మార్చు. కోర్‌కి కన్నం కొట్టకు. కోర్ మొత్తం క్లియర్ షీటే వేసెయ్, కన్నం పలచటి ప్రింట్ షీట్లకి మాత్రమే, పైదానికి ఒకటి కిందదానికి ఒకటి, రెండూ ఎదురెదురుగా వచ్చేలా. అప్పుడు పూడాల్సిన లోతు బాగా తక్కువ, ఆ కాస్త మెటీరియలే పారి చాలావరకు పూడ్చేస్తుంది, కార్డు మధ్యలో అతుకే ఉండదు కాబట్టి వంచినా తట్టుకుంటది. చిక్కల్లా ఏంటంటే రెండు కన్నాలూ ఒకదాని మీద ఒకటి కరెక్టుగా కూర్చోవాలి, షీట్లు జరగకుండా మూలల్లో వెల్డింగ్ చుక్కలు పెట్టుకో.

డల్లాస్_శీను

ఆ పెద్దాయన చూపించింది కొత్త గ్రీన్ కార్డు. 2023 జనవరి 30 నుంచి యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీసు) వాళ్ళు కొత్త డిజైన్ ఇస్తున్నారు, అందులో వెనకున్న ఫోటో పెట్టెలో కొంత భాగం విండోలా ఉంటుంది. మొదట్లో ఇక్కడ మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "మా అమ్మ కార్డు లామినేషన్ ఊడిపోయినట్టుంది, రీప్లేస్‌మెంట్ అప్లై చెయ్యాలా" అని అడిగినవాళ్ళు ఉన్నారు, అది ఊడటం కాదు బాబూ అలాగే చేస్తారు. రీప్లేస్‌మెంట్‌కి వేసే ఐ-90 ఫారం ఆన్‌లైన్‌లో వేసినా 415 డాలర్లు, ఊరికే తగలేసుకోకండి. కార్డు వెనక్కాల ఆ ముక్కలో మాత్రం పొర తీసినట్టు ఉంటుంది, లైటుకి పడితే తెలుస్తుంది.

కెనడా వాళ్ళు 2023లో ప్రకటించిన కొత్త పాస్‌పోర్టులో కూడా ఫోటో, పేరు ఉండే డేటా పేజీ పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్), అందులో సీ-త్రూ విండో, ఆ విండోలో మన ఫోటోనే ఇంకోసారి చిన్నగా. మా బావమరిది టొరంటోలో ఉంటాడు, వాడిది చేతిలో పట్టుకుని చూశా, బాగుంది. పేజీ కింద పడేస్తే ప్లాస్టిక్ ప్లేటు పడినట్టు టక్‌మని సౌండొస్తుంది, మన పాత పాస్‌పోర్టు ఫోటో పేజీలా కాగితం మీద ఫిల్మ్ కాదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక రిక్వెస్ట్, అమ్మానాన్నల గ్రీన్ కార్డు "పాడైపోద్దేమో" అని జిరాక్స్ షాపులో పౌచ్ లామినేషన్ చేయించకండి. కార్డుతో పాటు ఒక కవరు ఇస్తారు, అందులో పెట్టుకుంటే చాలు.

గేటు_దగ్గర_హెచ్‌ఆర్

చెప్తే ఏమనుకోకండి గానీ ఆటోనగర్ ఆయన సమస్యకి విండో మందు కాదు. మానేసిన వర్కరు కార్డు బయట ఎందుకుంది అసలు? ఆఖరి నెల జీతం ఇచ్చేటప్పుడు కార్డు తీసుకుని కత్తిరించి పారేస్తే అక్కడితో అయిపోయేది. నేను పటాన్‌చెరు వైపు ఒక ప్లాంటులో హెచ్‌ఆర్ చూస్తాను, షిఫ్టు మారే టైముకి గేటు దగ్గర జనం తిరునాళ్ళలా ఉంటారు, సెక్యూరిటీ అతను కార్డు చూసేది ఒక్క క్షణం, అది కూడా ట్యాగు రంగు చూస్తాడు తప్ప ఫోటో చూడడు. అతన్ని పట్టుకుని విండో లైటుకి పట్టి చూడు నాయనా అంటే అయ్యే పనేనా?

క్యూఆర్ పెట్టండి, స్కాన్ చేస్తే సిస్టంలో ఉన్న ఫోటో, వర్కింగా మానేశాడా అనేది వస్తుంది. ఆధార్ పీవీసీ కార్డు చూడండి, హోలోగ్రామ్, మైక్రో టెక్స్ట్, గిల్లోష్ డిజైన్ (అల్లికలా ఉండే సన్నగీతలు), ఘోస్ట్ ఇమేజ్ (పలచగా ఇంకోసారి వేసిన ఫోటో) అన్నీ ఉన్నాయి, విండో మాత్రం లేదు. అయినా దానికి అసలు బలం ఆ క్యూఆరే, అందులో ఫోటోతో సహా యూఐడీఏఐ (ఆధార్ ఇచ్చే సంస్థ) డిజిటల్ సంతకం ఉంటుంది, బయట ఎవడో నకిలీ కార్డు కొట్టినా ఆ సంతకం తేలేడు.

లామినేషన్_మావ

హెచ్‌ఆర్ గారూ మీరన్నది నిజమే, కార్డు వెనక్కి తీసుకోకపోవడం వాళ్ళ తప్పే, కానీ నెట్ లేని గేటు, ఛార్జింగ్ అయిపోయిన స్కానరు కూడా ఉంటాయి కదా. విండోకి కరెంటు అక్కర్లా. రూపాయల నోటు మీద అంకె సగం ముందు సగం వెనక వేసి లైటుకి పడితే పూర్తయ్యేలా ఎందుకు పెట్టారు, మెషిన్ లేనోడు కూడా చూసుకోడానికే కదా. ఆస్ట్రేలియా వాళ్ళు 1988లోనే పది డాలర్ల నోటు ప్లాస్టిక్ మీద వేసి అందులో క్లియర్ విండో పెట్టారు, ఎందుకంటే కలర్ కాపీ మెషిన్లు మంచి కాపీలు తీస్తున్నాయి, కానీ కాపీ మెషిన్ ఎంత మంచిదైనా కాగితంలో అద్దం తియ్యలేదు.

బెజవాడ తమ్ముడూ, నీకు అసలు చెప్పాల్సింది ఇది. ఉత్త కన్నం పెట్టి క్లియర్‌గా వదిలేస్తే అది డిజైనే, సెక్యూరిటీ కాదు. నువ్వు కొట్టగలిగావంటే ఆ సందు చివర షాపు వాడూ కొట్టగలడు. గవర్నమెంటు కార్డులో విండోకి విలువ ఎక్కడొస్తుందంటే లోపల ఆ మనిషి సొంత డేటా ఉండటం వల్ల, సాధారణంగా చిన్న ఫోటో, ఒక్కోసారి పుట్టిన తేదీ. పాలీకార్బొనేట్ పొరలన్నీ జిగురు లేకుండా వేడి, ప్రెజర్ మీద కలిసిపోయి ఒకే దిమ్మ అయిపోతాయి, కార్డు తయారయ్యాకే లేజర్ పెడతారు, లేజర్ తగిలిన చోట లోపలి ప్లాస్టిక్ మాడి కార్బన్ అయి నల్లబడుద్ది, మన ఫోటో అంటే ఆ నలుపే, ఇంకు కాదు. దాన్ని గీకాలంటే ప్లాస్టిక్ గీకాలి. మామూలు తెల్లకార్డు అయితే వెనక నుంచి గీకి పలచన చేసి ఏదో తంటాలు పడి తెల్లగా పూత పూసేస్తారు, విండో దగ్గర రెండు వైపుల నుంచీ కనపడుద్ది కాబట్టి ఏ వైపు చెయ్యి పెట్టినా దొరికిపోతాడు. ముందు ఫోటో మీద పలచటి ఫిల్మ్‌తో వేరే ఫోటో వేసినా విండోలో పాత మొహమే ఉంటది.

మీ పార్టీ చెప్పిన కేసులో కూడా అంతే, పైన పౌచ్ లామినేషన్ కొట్టించాడు అన్నావు కదా, విండో ఉండుంటే పౌచ్ జిగురు వల్ల ఆ అద్దం ముక్కలో బుడగలో మసకో వచ్చి గేటు దగ్గరే బయటపడేది. సెక్యూరిటీ వాడికి చెప్పాల్సింది కూడా అంతే, వెనక వేలు పెట్టు, వేలిముద్ర గీతలు కనపడుతున్నాయా లేదా చూడు అని. లైటు అక్కర్లేదు.

బెజవాడ_కార్డ్స్

మావా చాలా థాంక్స్, క్లియర్ కోర్ ఐడియా ఇవాళే చూస్తా, మిర్రర్ ప్లేట్లు కూడా ఆర్డర్ పెట్టా. కానీ విండోలో ఫోటో ఎలా వెయ్యాలి? క్లియర్ పీవీసీ మీద ఇంక్‌జెట్ ఇంకు నిలబడదు, జారిపోద్ది. మా పక్క షాపులో పెన్నుల మీద కీచైన్ల మీద పేర్లు కొట్టే ఫైబర్ లేజర్ ఉంది, దాంతో కార్డు మీద కొట్టేయొచ్చా?

లామినేషన్_మావ

వద్దు. పీవీసీ మీద లేజర్ పెట్టొద్దు ఎట్టి పరిస్థితిలో, అందులో క్లోరిన్ ఉంటది, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ గ్యాస్ వస్తది, నీ ఊపిరితిత్తులకీ చెడ్డ, వాళ్ళ మెషిన్ కూడా తుప్పు పట్టి నీతో గొడవకొస్తారు. పైగా ఫైబర్ లేజర్ 1064 నానోమీటర్లు, మామూలు క్లియర్ షీట్లోంచి చాలావరకు దూరిపోద్దే తప్ప నల్లబడదు. లేజర్‌కి నల్లబడే మందు కలిపిన పాలీకార్బొనేట్ షీటు వేరే ఉంటది, అది కావాలి. తెప్పించినా నీ మెషిన్‌తో అవ్వదు, పీవీసీ 130 నుంచి 150 డిగ్రీల్లో అతుక్కుంటే దానికి 170 దాటాలి, రెండూ కలిపి పెడితే పీవీసీ పారిపోద్ది, అది మాత్రం అలాగే ఉంటది.

నీ స్థాయికి పనికొచ్చేది యూవీ ప్రింటర్, అంటే అల్ట్రావయొలెట్ లైటుతో ఇంకుని అక్కడికక్కడే గట్టిపరిచేది. గవర్నర్‌పేట వైపు ఫ్లెక్సీ, మొబైల్ కవర్ల షాపుల్లో వెతుకు, దొరుకుద్ది. క్లియర్ కోర్ మీద విండో వచ్చే చోట మాత్రమే వర్కర్ చిన్న ఫోటో, ఐడీ నంబరు నలుపు రంగులో వేయించు, దాని మీద ఓవర్‌లే పడాలి, ఇంకు పొరల మధ్యలో ఉండాలి, పైన ఉంటే నెలకే అరిగిపోద్ది. ఫోటో పలచగా గీతలూ చుక్కలుగా ఉండాలి, మొత్తం నల్లగా ముద్ద కొట్టావంటే ఇంకు అడ్డం పడి అక్కడ పొరలు అతుక్కోవు, గోరు పెడితే లేచొస్తాయి. ముందు పనికిరాని షీటు మీద చూసుకో, యూవీ ఇంకులు అన్నీ ఫ్యూజింగ్ వేడికి ఒకేలా ఉండవు, కొన్ని పగుళ్ళు తేలతాయి.

షీటులో ఏ ఫోటో ఏ కార్డుకి అనేది తేడా రాకుండా చూసుకో, ముందు ఒకడి మొహం విండోలో ఇంకొకడి మొహం వస్తే ఆ పార్టీ నిన్నే దొంగ అంటాడు.

కార్డ్_ప్రింటర్_రిపేర్

ఒక చిన్న మాట. విండో కార్డులు ముందే ఖాళీగా చేసి పెట్టుకుని తర్వాత థర్మల్ కార్డు ప్రింటర్‌లో పేరు వేద్దామనుకునేవాళ్ళు జాగ్రత్త. ప్రింటర్ లోపల కార్డు వచ్చిందా లేదా అని చూసే సెన్సర్ లైటుతో పనిచేస్తుంది, సరిగ్గా విండో దాని కింద పడిందంటే కార్డే లేదనుకుని ఎర్రర్ ఇచ్చేస్తుంది. అంతా క్లియర్‌గా ఉండే కార్డులకి ఇన్‌ఫ్రారెడ్ అడ్డుకునే పూత వేసేది అందుకే. మా దగ్గరికి ఇదే కంప్లయింట్‌తో ప్రింటర్లు వస్తాయి, మెషిన్‌లో ఏ తప్పూ ఉండదు. కార్డుని తిప్పి పెట్టి చూడండి, లేదా విండో జాగా మార్చండి.

ఇంకా, విండో మీద మరక పడిందని నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవొద్దని కార్డు తీసుకునేవాళ్ళకి చెప్పండి, అందులో ఎసిటోన్ ఉంటే పీవీసీ అయినా పాలీకార్బొనేట్ అయినా తెల్లగా పొంగిపోతుంది. తడి గుడ్డ చాలు.

బెజవాడ_కార్డ్స్

అప్‌డేట్: క్లియర్ కోర్ పెట్టి పలచటి షీట్లకి మాత్రమే కన్నం కొట్టి చేస్తే గీత పోయింది, గుంట చాలావరకు తగ్గింది, వంచినా చిట్‌మనట్లేదు. మసక ఇంకా ఉంది, మిర్రర్ ప్లేట్లు వచ్చాక చూడాలి. పార్టీకి యూవీ ఫోటోతో ఒక రేటు, ఫోటో లేకుండా ఒక రేటు చెప్పా. ఫోటో లేనిది ఎందుకు తక్కువ, అదే ఇచ్చెయ్ అంటున్నాడు. హెచ్‌ఆర్ గారు చెప్పినట్టు క్యూఆర్ కూడా పెట్టుకోండి సార్ అంటే అది ఫ్రీయేగా అంటున్నాడు.

గేటు_దగ్గర_హెచ్‌ఆర్

ఫోటో లేకుండా ఇవ్వకండి. రేపు మళ్ళీ ఎవడో దూరితే "విండో పెట్టించాను కదా, ఎలా వచ్చాడు" అని మీ షాపు ముందే నిలబడతాడు. క్యూఆర్ ప్రింటు ఫ్రీగా ఇవ్వండి, దాని వెనక డేటా ఎవరు మెయింటెయిన్ చేస్తారో మాత్రం కొటేషన్‌లోనే రాయించుకోండి.