తొమ్మిది, పది తరగతుల పిల్లలు లైబ్రరీకి రావాలంటే ఏం చేయాలి?

గాజువాక దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఈ ఏడాది లైబ్రరీ కూడా నాకే అప్పగించారు. ఆరు, ఏడు తరగతుల పిల్లలు బొమ్మల కథల కోసం కొట్టుకుంటారు. తొమ్మిది, పది వాళ్లు మాత్రం గుమ్మం తొక్కరు. పదో తరగతికి పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్పెషల్ క్లాసు, ఇక ఖాళీ ఎక్కడిది?

మధురవాడ స్టేడియంలో మ్యాచ్ జరిగినప్పుడు పేపర్లో ఆటల పేజీ లైబ్రరీ బయట అంటించాను. గుంపుగా నిలబడి చదివారు, లోపలికి ఒక్కడూ రాలేదు! పుస్తకాలు పోతాయని మేం బీరువాలకు తాళాలేసి ఉంచడం కూడా కారణమేనేమో.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన పోటీ పెడితే ఎప్పుడూ వచ్చే నలుగురే వస్తారు. పుస్తకాల ఎంపిక, రిజిస్టరు పిల్లలకే వదిలేసి చూసినవాళ్లు ఉన్నారా? ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి ఓసారి తీసుకెళ్తే ఉపయోగం ఉంటుందా? మీ స్కూల్లో ఏది పనిచేసిందో చెప్పండి ప్లీజ్.