రియోహా వైన్ సీమకు 6 రాత్రుల యాత్ర: కారా, బస్సా?

సెప్టెంబరు చివర, ద్రాక్ష కోతల వేళ ఉత్తర స్పెయిన్ వెళ్తున్నాం. సాన్ సెబాస్టియన్‌లో 2 రాత్రులు, లోగ్రోన్యోలో 3, చివరిది బిల్బావ్‌లో. లోగ్రోన్యోలో బస మాత్రం చిరుతిళ్ల బార్ల వీధి కాయె లౌరెల్‌కి నడిచేంత దగ్గర్లోనే ఉండాలి: అక్కడ వెల్లుల్లి నూనెలో కాల్చిన పుట్టగొడుగులు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన రొయ్య గుచ్చి, రొట్టెముక్క మీద పెట్టిస్తారు. నూనె రొట్టెలోకి దిగాక తింటేనే రుచి.

చిక్కల్లా రియోహాలోనే ఉన్న ‘ఆరో’ (Haro) అనే పట్టణంతోనే. అక్కడ రైల్వే స్టేషన్ పక్కనే పాత వైన్ తయారీశాలలు వరసగా ఉంటాయి, నడిచే తిరగొచ్చు. కానీ ముందే బుక్ చేసుకోవాలి, ఆదివారం మధ్యాహ్నం చాలావరకు మూసేస్తారు. వైన్ రుచి చూశాక కారు నడపకూడదు. లోగ్రోన్యో నుంచి బస్సును నమ్ముకోవచ్చా, డ్రైవర్‌ని మాట్లాడుకోవాలా? రోజుకు రెండు తయారీశాలలు సరిపోతాయా?

మాలో ఇద్దరు శాకాహారులు. మెనెస్ట్రా అనే కూరగాయల వంటకంలోనూ హామ్ (పంది మాంసం) ముక్కలు వేస్తుంటారు కదా, ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఏమని చెప్పాలి?