750 గంటల రాయితీ అమెరికా సైన్యం వాళ్లకేనా?

దుండిగల్ పాత కాపు:
ఇరవై ఏళ్లు వాయుసేనలో చేసి బయటికొచ్చాను. ఎక్కువ కాలం మిగ్-21 మీదే. మా ఆవిడ ఉద్యోగం వల్ల గ్రీన్ కార్డు వచ్చింది, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరాలన్నా ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) కావాలి, దానికి 1,500 గంటలు ఎగిరి ఉండాలి. అమెరికా సైన్యంలో ఎగిరినవాళ్లకైతే 750 చాలు. నాకున్నవి 1,240. ఫైటర్ సార్టీ (ఒకసారి ఎగిరి రావడం) ముప్పావు గంటలో అయిపోతుంది, మధ్యలో గ్రౌండ్ పోస్టింగులు, గంటలు ఎక్కడ పెరుగుతాయి? విమానానికి పైలట్ ఏ దేశం యూనిఫాం వేసుకున్నాడో తెలుస్తుందా?

కుడి సీటు:
సార్, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా. వాళ్ల సైన్యం సిలబస్, రికార్డులు ఎఫ్‌ఏఏకి (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థకి) తెలుసు. ప్రపంచంలోని వాయుసేనలన్నిటి లాగ్‌బుక్‌లు (పైలట్ ఎగిరిన గంటల పుస్తకాలు) ఎవరు తనిఖీ చేస్తారు? యూరప్‌లోనూ అంతే. సైనిక అనుభవానికి రాయితీ ఇచ్చేది ఆ పైలట్ ఏ యూరప్ సభ్యదేశం సైన్యంలో పనిచేశాడో ఆ దేశమే. బయటివాళ్లయితే లైసెన్సు పరీక్ష 13 పేపర్లూ రాయాల్సిందే. పైగా ఫైటర్‌లో అన్నీ ఒక్కరే చూసుకుంటారు. పక్క సీటువాడు "కెప్టెన్, స్పీడ్ తగ్గుతోంది" అంటే వినడం వేరే విద్య.

గాలివాన:
ఆ 1,500 లెక్క ఎక్కడ పుట్టిందో కూడా చెప్పు తమ్ముడూ. 2009లో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయారు. 2010లో చట్టం చేశారు, 2013లో రూలు వచ్చింది. ఆ కెప్టెన్‌కి 3,379 గంటలు, కో-పైలట్‌కి 2,244! స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరిక మోగితే ముక్కు దించాల్సింది పోయి కెప్టెన్ కంట్రోల్ కాలమ్‌ని వెనక్కి లాగాడు. జబ్బు ఒకటి, మందు ఇంకొకటి. సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి చూడండి, తేలిపోతుంది.

కుడి సీటు:
అన్నా, గంటలే సర్వస్వం అని నేననలేదు. సిమ్యులేటర్‌లో పరీక్షించాకే రాయితీ ఇస్తామంటే నాకూ అభ్యంతరం లేదు. లాగ్‌బుక్ చూసి ఇవ్వమంటేనే ఒప్పుకోను.

పన్ను కట్టేవాడు:
ప్రజల డబ్బుతో నేర్చుకుని అమెరికాలో నడపడమేంటి?

దుండిగల్ పాత కాపు:
ఇరవై ఏళ్లు ఊరికే కూర్చోలేదు బాబూ. తమ్ముడూ, పక్క సీటు మాట నిజమే, ఒప్పుకుంటాను. మిగిలిన 260 గంటలు ఇక్కడ ఫ్లయింగ్ స్కూల్లో పిల్లలకు నేర్పుతూ పూర్తి చేసుకుందామనుకుంటున్నా.

కుడి సీటు:
మంచి పని సార్. క్రాస్-కంట్రీ (దూరం వెళ్లిన ప్రయాణాల) గంటలు 500 అడుగుతారు. 50 నాటికల్ మైళ్లు దాటి వెళ్లిన సార్టీలు అక్కడ దిగకపోయినా లెక్కకొస్తాయి, లాగ్‌బుక్ మళ్లీ తిరగేయండి. మల్టీ ఇంజిన్ 50 గంటలు ఉన్నాయా?

దుండిగల్ పాత కాపు:
మిగ్-21కి ఒకటే ఇంజిన్ తమ్ముడూ. అద్దె విమానం గంటకి ఎంతో కనుక్కోవాలి.