మఖామ్ లేని సంగీతాన్ని అరబిక్ సంగీతం అనవచ్చా?

హంసధ్వని:
లెబనాన్ రాజధాని బేరూత్‌లో 2000 నుంచి ‘ఇర్తిజాల్’ అనే ప్రయోగాత్మక సంగీతోత్సవం జరుగుతోంది. ట్రంపెట్ వాయించే మాజెన్ కెర్బాజ్, గిటారిస్టు షరీఫ్ సెహ్నావీ దాన్ని మొదలుపెట్టారు. వాళ్ల రికార్డింగులు కొన్ని విన్నాను. గిటారును ఒళ్లో పడుకోబెట్టి తీగల మధ్య పుల్లలు దూర్చి కొడతారు. ట్రంపెట్‌కి గొట్టం తగిలించి ఊదుతారు. ఊద్ అనే అరబ్ తీగవాద్యం లేదు, మఖామ్ లేదు, పాట లేదు. శబ్దం బాగానే ఉంది, కాదనను. కానీ దీన్ని అరబిక్ సంగీతం అని ఎలా అంటాం? బెర్లిన్‌లో కూర్చుని వాయించినా ఇలాగే ఉంటుంది కదా. మన రాగం లాంటిదే మఖామ్. అది తీసేస్తే మిగిలేదేమిటి?

గల్ఫ్ బాటసారి:
హంసధ్వని గారితో ఏకీభవిస్తాను. నేను కువైట్‌లో ఉంటాను. ఇక్కడి పెద్దవాళ్లు ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ పాట వింటూ ఒక్క చరణం దగ్గర మైమరచిపోతారు. ఆ తన్మయత్వాన్నే తరబ్ అంటారు. పాడేవారికీ వినేవారికీ మధ్య అది లేకపోతే అరబిక్ సంగీతం లేనట్టే. పైగా ఇలాంటి కార్యక్రమాలకు యూరప్ సాంస్కృతిక సంస్థల డబ్బు వస్తుంది. డబ్బిచ్చేవాళ్ల అభిరుచి వేదికెక్కదా?

రేడియోప్రియ:
అసలు హద్దు గీసిందెవరు? 1932లో కైరోలో అరబ్ సంగీత మహాసభ జరిగింది. బార్టోక్, హిండెమిత్ లాంటి యూరప్ స్వరకర్తలూ వెళ్లారు. స్థాయిని 24 సమాన భాగాలుగా విడగొట్టాలా వద్దా, పియానోను రానివ్వాలా వద్దా అని పెద్ద వాదాలు నడిచాయి. స్వరాల లెక్క మీదే ఏకాభిప్రాయం కుదరలేదు. అంటే మఖామ్ ఎప్పుడో తేలిపోయిన విషయం కాదు.

ఇక ప్రయోగం యూరప్ నుంచి తెచ్చుకున్నదన్న మాట నాకు బాధ కలిగిస్తుంది. 1944లో హలీమ్ ఎల్-దబ్హ్ అనే ఈజిప్టు యువకుడు వైర్ రికార్డర్ (లోహపు తీగ మీద శబ్దాన్ని నమోదుచేసే యంత్రం) పట్టుకుని కైరోలో జార్ తంతుకి వెళ్లాడు. జార్ అంటే పట్టిన ఆత్మలను శాంతింపజేయడానికి ఎక్కువగా ఆడవాళ్లు చేసే తంతు. వాళ్ల గొంతులను రికార్డు చేసి, రేడియో స్టేషన్‌లో ప్రతిధ్వని కలిపి, మూలస్వరాలను తగ్గించి, కొత్త శబ్దాన్ని తయారుచేశాడు. పారిస్‌లో పియెర్ షెఫర్ అనే ఫ్రెంచ్ స్వరకర్త ఇలాంటి పని మొదలుపెట్టింది 1948లో. నాలుగేళ్ల తర్వాత! ఈ సంగతి చెప్పకుండా ఎలక్ట్రానిక్ సంగీత చరిత్ర చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

బాటసారి గారూ, మీరన్న ఉమ్ కుల్సూమ్ 1964లో పాడిన ‘ఎన్త ఒమ్రి’లో ఎలక్ట్రిక్ గిటారు ఉంది. ఆ తరబ్‌కి అదేమైనా అడ్డొచ్చిందా? వయొలిన్ వచ్చాక మన కచేరీ కర్ణాటక సంగీతం కాకుండా పోయిందా?

హంసధ్వని:
రేడియోప్రియ గారూ, మీ ఉదాహరణలు నా వైపే ఉన్నాయి. మన వయొలిన్ వచ్చి రాగం వాయించింది. ఆ ఎలక్ట్రిక్ గిటారూ పాటలో ఒదిగింది. ఎల్-దబ్హ్ కూడా అక్కడి ఆడవాళ్ల గొంతులతోనే మొదలుపెట్టాడు. బేరూత్ వాళ్లు దేంతో మొదలుపెట్టారు? ఆ నేల జాడ వాళ్ల శబ్దంలో ఎక్కడుంది? నా ప్రశ్నంతా అదే.

రేడియోప్రియ:
జాడ ఉంది. 2006 జూలైలో ఇజ్రాయెల్ విమానాలు బేరూత్ మీద బాంబులు వేస్తున్న రాత్రి కెర్బాజ్ తన బాల్కనీలో ట్రంపెట్ వాయిస్తూ రికార్డు చేశాడు. ‘స్టారీ నైట్’ అని పేరు పెట్టాడు. సన్నగా గాలి ఊదే చప్పుడు, దూరంగా పేలుడు, కుక్కల అరుపులు, కార్ల అలారాలు. అది బెర్లిన్‌లో పుట్టదు. ఆయన పుట్టింది 1975లో, లెబనాన్ అంతర్యుద్ధం మొదలైన ఏడాదే. ఆ యుద్ధం 1990 దాకా సాగింది. చెవులు తెరిచినప్పటి నుంచి విన్నదే వాద్యంలోకి వస్తుంది. ఊద్ విని పెరిగినవాడిది ఎంత అరబిక్ సంగీతమో, ఫిరంగులు విని పెరిగినవాడిదీ అంతే.

డబ్బు విషయంలో బాటసారి గారి అనుమానం సరైనదే. ఇచ్చేవాళ్ల ఇష్టాలు ఎంతో కొంత పనిచేస్తాయి. కానీ 2019లో బ్యాంకులు కుప్పకూలి, 2020 ఆగస్టు 4న రేవు పేలుడులో ఊరు దెబ్బతిన్న దేశంలో కళాకారులు స్థానికంగా ఎవరిని అడగాలో కూడా చెప్పండి.

గల్ఫ్ బాటసారి:
బాల్కనీ రికార్డింగు ఇప్పుడే విన్నాను. గొప్పగా ఉంది. అయినా దాన్ని యుద్ధానికి సాక్ష్యం అంటాను, సంగీతం అనడానికి నాకింకా మనసు రావడం లేదు.