అప్‌డేట్: వెనుక షాక్ అబ్జార్బర్ కుదిరింది, స్ప్రింగు మార్చలేదు

కొత్త షాక్ అబ్జార్బర్ వేయించాక స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ బైకు వెనుక భాగం ఎగిరిపడుతోందని, గట్టి స్ప్రింగు కొనాలా అని అడిగాను. ముందు కుంగుదల (మనం కూర్చుంటే బండి వెనుక భాగం ఎంత దిగుతుందో) కొలవమని చెప్పినవారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి మడ్‌గార్డు మీద అంటించిన టేపు ముక్క దాకా తమ్ముడు కొలిచాడు. తర్వాత హెల్మెట్, జాకెట్‌తో నేను కూర్చుంటే 75 మిల్లీమీటర్లు కుంగింది. చక్రం పైకీ కిందికీ కదలగలిగే మొత్తం దూరం 180, కుంగుదల అందులో మూడో వంతు, అంటే 60 ఉండాలి. బిగించిన మెకానిక్ ప్రీలోడ్ రింగును (స్ప్రింగును ముందుగా ఎంత నొక్కి ఉంచాలో సర్దేది) ముట్టుకోనే లేదు! కొక్కెం పానాతో నాలుగు చుట్లు తిప్పితే సరిగ్గా అరవైకి వచ్చింది. ప్రీలోడ్‌తో స్ప్రింగు గట్టిపడదు, బండి నిలిచే ఎత్తు మారుతుందంతే. ఇది ఇన్నాళ్లూ నాకు తెలియదు.

అయినా ఎగరడం పూర్తిగా ఆగలేదు. రీబౌండ్‌ను (నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని) రెండు క్లిక్కులు నెమ్మది వైపు తిప్పాక ఆగింది. ఆదివారం వికారాబాద్ దాటి అనంతగిరి మలుపుల్లో నడిపాను. గతుకుల మీద కూడా టైరు రోడ్డును వదల్లేదు, ఎంత హాయిగా ఉందో!

అమ్మను ఎక్కించుకుంటే మళ్లీ కుంగుతోంది. ఆ కొలత రేపు తీస్తాను.