రొయ్యల చెరువులో అమ్మోనియా దిగింది, నైట్రైట్ దిగడం లేదు
భీమవరం దగ్గర ఎకరన్నర వనామీ రకం రొయ్యల చెరువు. పిల్ల వేసి 52 రోజులు. సెలినిటీ (నీటిలో ఉప్పు) 4 పీపీటీ, ఉదయం పీహెచ్ 7.9, తెల్లవారుజామున ఆక్సిజన్ 4.5 పీపీఎం, ఆల్కలినిటీ 90. అమ్మోనియా 1.2 నుంచి 0.3కి వచ్చింది. నైట్రైట్ మాత్రం రెండు వారాలుగా 2.5 పీపీఎం దగ్గరే ఉంది. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగులుతోంది, మోల్టింగ్‌కి (పెంకు విడిచే దశకి) వచ్చినవి కొన్ని చస్తున్నాయి.

మేత 30 శాతం తగ్గించాం, అమ్మోనియాను పీల్చే జియోలైట్ చల్లాం, బాసిల్లస్ ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) బెల్లంతో నానబెట్టి వేశాం. నీళ్లు మారిస్తే మర్నాడు తగ్గి మళ్లీ అక్కడికే వస్తోంది. కాలువ నీళ్లు ఇంకా పెడితే సెలినిటీ పడిపోతుంది, ఉప్పు తగ్గేకొద్దీ నైట్రైట్ విషం పెరుగుతుంది. అందుకే ఆపాం.

నాకు అర్థమైనంతవరకు అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే నైట్రోసోమోనాస్ బ్యాక్టీరియా బాగానే పనిచేస్తోంది. ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే నైట్రోబ్యాక్టర్, నైట్రోస్పైరా వెనకబడ్డాయి. ఆ పని బాసిల్లస్ చేయదు. షాపులో ఏది అడిగినా అదే డబ్బా ఇస్తున్నారు!

ఇంత తక్కువ సెలినిటీలో, పంట మధ్యలో, ఈ రెండో దశ బ్యాక్టీరియాను చెరువులో నిలబెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా చేశారు?